నెలకు 6 నిమిషాలు గుండె కోసం
(కామారెడ్డి జిల్లా మహిళా సమాఖ్య మహాజన సభలో ఎల్లారెడ్డి మండలం సంఘ నాయకురాలి ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం, సంఘాల పాత్ర. ప్రతి ఏడాది ఈ అంశం మీద ఎవరో ఒకరం మాట్లాడుతాం. ఆకుకూరలు తినండి, చేతులు కడుక్కోండి అని చెప్పి కూర్చుంటాం. అవి మంచి మాటలే, కాదనను. కానీ ఈసారి నేను ఒక్క గుండె గురించే మాట్లాడుతాను. చివర్ల ఒక తీర్మానం మీ ముందు పెడతాను. నచ్చితే చేతులెత్తండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో లేచి చెప్పండి.

నేను పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. డాక్టర్ని కాదు, నర్సును కాదు. నర్సింగ్ పాఠాలు చెప్పే ఒక మేడం మాకు శిక్షణ ఇచ్చినప్పుడు విన్నవి, ఆమెను మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నవి, ఆ తర్వాత చదివినవి మీతో పంచుకుంటున్నాను.

ముందుగా, గుండె గురించే ఎందుకు? మన ఊళ్లల్ల ఇంకా ఒక నమ్మకం ఉంది. గుండె జబ్బు పట్నపోళ్లది, కూర్చొని తినేటోళ్లది, మనం కష్టం చేసేటోళ్లం, మనకు రాదు అని. ఇది తప్పని తేల్చింది కూడా మన తెలుగు పల్లెలే. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఒక ఏడాది పాటు ఎవరు చనిపోయినా, ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇంటికి పోయి, ఏమైంది, ఎట్లయింది, ఎన్ని రోజులు బాధపడ్డరు అని అడిగి రాసుకున్నారు. 1,300 పైచిలుకు చావుల లెక్క తేలింది. అందులో నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతోటే పోయారు. అంటురోగాలతో పోయినవాళ్లు అందులో సగం కూడా లేరు. అవి పొలం పని చేసుకునే ఊళ్లే. మన ఊళ్ల లాంటివే. ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటింది.

ఇంకో లెక్క చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 26 మందికి, మగవాళ్లలో దాదాపు 31 మందికి బీపీ ఎక్కువ ఉంది, లేకపోతే బీపీ గోళీలు వాడుతున్నారు. మన సంఘంలో పది పన్నెండు మందిమి ఉంటాం. అంటే చాప మీద కూర్చున్న మనలోనే ఇద్దరు ముగ్గురికి ఉన్నట్టు. ఎవరికి ఉందో అడిగితే మనకు తెల్వదు. అప్పు ఎవరికి ఎంత ఉందో మాత్రం పైసతో సహా తెలుసు.

మన జిల్లా సంగతి వేరే చెప్పాల్నా? కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఎన్ని ఇండ్లల్ల చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నాం! పొద్దటి నుంచి మాపటి దాకా తంబాకు దుమ్ములో కదలకుండా కూర్చుంటాం. ఆ బీడీని ఇంట్లో మగాయన కాలుస్తడు. బీడీ చిన్నది కదా, సిగరెట్ అంత నష్టం లేదు అనుకుంటరు. గుండెకు రెండూ ఒకటే. పొగలో ఉన్న విషం రక్తనాళం లోపలి పొరను గాయం చేస్తది, రక్తం గడ్డకట్టేటట్టు చేస్తది. మనం బీడీలు మానితే కడుపెట్ల నిండుతదని అడుగుతారు. చుట్టుడు మానుమని నేను అంటలేను. అది మన బతుకు. కాల్చుడు మాన్పించే మాట మాత్రం మన ఇంట్లో మనమే మొదలుపెట్టాలె.

గల్ఫ్ సంగతి మీకు తెలుసు. దుబాయి, సౌదీ, మస్కట్ పోయినోళ్లు మన ఊరూరా ఉన్నరు. అక్కడి నుంచి పెట్టెలో వచ్చినవాళ్ల కాగితాల మీద గుండె ఆగి చనిపోయిండని రాసి ఉండుడు మనలో ఎంతమందిమి చూడలేదు? ముప్పై ఐదు, నలభై ఏళ్ల మనుషులు. పోయేటప్పుడు బాగనే ఉండే అంటరు ఇంట్లో వాళ్లు. బాగనే ఉండే అనే మాట నమ్మరాదు. ఎందుకంటే బీపీ నొప్పి పెట్టదు. బీపీ ఉన్న మనిషి నాటేస్తడు, కోస్తడు, నవ్వుతడు. లోపల నాళాలు పాడవుతుంటయి.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు మనిషికి 5 గ్రాములు దాటొద్దని చెప్తుంది. అంటే ఒక్క టీ చెంచాడు, దినమంతా తినే అన్నింటిలో కలిపి. మనదేశంలో సగటున 8 గ్రాముల పైనే తింటున్నాం. మన మామిడి తొక్కు, ఉప్పు మిరపకాయలు, అప్పడాలు, ప్యాకెట్ల కారప్పూస లెక్కేసుకోండి. మన సంఘాలే పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నయి. అమ్ముడు ఆపుమని అంటే ఈ సభలోనే నన్ను కొడతరు. పచ్చడి అమ్ముకుందాం, తినేకాడ చెంచా తగ్గిద్దాం.

ఇప్పుడు అసలు గుండెకు ఏమైతదో చెప్తాను. మేడం మాకు బోరు మోటరుతోటి పోల్చి చెప్పింది. మనకు తొందరగా అర్థమైంది. గుండె అంటే మోటరు. రక్తనాళాలు అంటే పైపులు. ఆ మోటరుకే రక్తం తెచ్చే సన్న పైపులు కొన్ని ఉంటయి. అందులో కొవ్వు పేరుకొని, దాని మీద రక్తం గడ్డకట్టి పైపు మూసుకపోతే గుండెపోటు. అప్పుడు మనిషి మాట్లాడుతడు, చెమట పడుతది, ఛాతీల బరువు పెట్టినట్టు నొప్పి ఉంటది, ఆ నొప్పి ఎడమ చెయ్యికి, దవడకు, వీపుకు పాకుతది. గడ్డ కరిగించే సూది ఉంది, ఆ నాళాన్ని తెరిచే పద్ధతి ఉంది. అవి ఎంత తొందరగా అయితే గుండె అంత మిగులుతది.

రెండోది వేరే. మోటరుకు కరెంటు దెబ్బతిని ఒక్కసారి ఆగుడు. గుండె ఆగితే మనిషి కుప్పకూలుతడు, పలకడు, శ్వాస ఉండదు, లేకపోతే చేప నోరు తెరిచినట్టు అప్పుడప్పుడు ఎగపోస్తడు. గుండెపోటు వచ్చినవాళ్లకు గుండె ఆగిపోయే ప్రమాదం ఉంటది. కానీ రెండూ ఒకటి కావు, చేసే పని కూడా ఒకటి కాదు. పలికే మనిషికి ఛాతీ మీద ఒత్తుడు లేదు. కూర్చోబెట్టి, నడవనియ్యకుండా, 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకపోవాలె. పలకని, శ్వాస లేని మనిషికి మాత్రం అక్కడికక్కడే సీపీఆర్ మొదలుపెట్టాలె.

ఒక మాట ఆడవాళ్ల గురించి. గుండెపోటు వచ్చినప్పుడు చాలామంది ఆడవాళ్లకు కూడా ఛాతీ నొప్పే ఉంటది. కానీ మనకు దానితోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వాంతి వచ్చినట్టు అనిపించుడు, వీపు నొప్పి, దవడ నొప్పి, ఎప్పుడూ లేనంత నీరసం ఉంటయి. మనం ఏమంటం? గ్యాస్ పట్టింది, నాట్లకు వంగి వంగి నడుము గుంజింది అంటం. ఒక సోడా తాగి, కడుపు మీద కాపడం పెట్టుకొని, పొద్దుగాల చూద్దాం అని పడుకుంటం. ఇంట్లో మగాయనకు నొప్పొస్తే ఆటో మాట్లాడుతం, మనకు నొప్పొస్తే తెల్లారనిస్తం. ఆ తెల్లారుడే మనను తింటున్నది.

మా మండలంలోనే ఒక ఊళ్లో సంఘ సభ్యురాలి భర్త పొలం గట్టు మీద కూలబడ్డడు. చుట్టూ పదిహేను మంది ఉన్నరు. ఒకరు చేతిలో తాళంచెవులు పెట్టిండ్రు. ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపిండ్రు. ఒకరు నోట్లో నీళ్లు పోసిండ్రు. బండి మీద మధ్యలో కూర్చోబెట్టి, ఇద్దరు పట్టుకొని తీసుకపోయిండ్రు. పదిహేను మందిలో ప్రేమ లేనోళ్లు ఒక్కరు లేరు. ఛాతీ మీద చెయ్యి పెట్టి ఒత్తాలని తెలిసినోళ్లు కూడా ఒక్కరు లేరు. గుండె ఆగిన తర్వాత నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినుడు మొదలైతది. ఏమీ చేయకుండా ఉంటే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 పాళ్లు తగ్గుతూ పోతది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి నలభై కిలోమీటర్ల దాకా ఉంది. కామారెడ్డి నుంచి హైదరాబాద్ నూరు కిలోమీటర్ల పైన. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 బండి మన ఊళ్లల్లకు వస్తున్నది, ఎంతోమందిని బతికిస్తున్నది. ఎంత జోరుగా వచ్చినా నాలుగు నిమిషాల్లో మారుమూల పొలానికి రాలేదు. ఆ నిమిషాలు మన చేతుల్లోనే ఉన్నయి.

ఇప్పుడు నర్సుల దగ్గరికి వస్తాను. ఈ పని మనదాకా వచ్చిందంటే దాని వెనక నర్సింగ్ టీచర్ల కష్టం చాలా ఉంది. అది మనం తెలుసుకోవాలె.

పాతకాలంలో నర్సు పని నేర్చుకునే పిల్లలు నేరుగా రోగి మీదనే నేర్చుకునేవారు. తప్పు పోతే రోగికే నష్టం. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ బడి వాళ్లు బొమ్మలు చేసే మార్తా చేజ్ అనే ఆమెతో మనిషంత బొమ్మ చేయించారు. మంచం మీద పక్క ఎట్ల మార్చాలె, మనిషిని ఎట్ల లేపాలె అని ఆ బొమ్మ మీద నేర్పారు. దానికి మిసెస్ చేజ్ అని పేరొచ్చింది. బొమ్మను చేసింది ఒక ఆడమనిషి, దాని మీద నేర్చుకున్నది ఆడపిల్లలు. ఇట్ల ఉత్తుత్తి రోగి మీద నిజం పని నేర్చుకునుడునే ఇప్పుడు సిమ్యులేషన్ అంటున్నారు. పేరు పెద్దది, పని మనకు తెలిసిందే. ఎన్నికల ముందు మాక్ పోలింగ్ ఎందుకు చేస్తరు? నిజం ఓట్ల రోజు తప్పు పోవద్దని.

1960లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పనిచేసిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు ఒక సంగతి రాశారు. ఛాతీ కోయకుండా, పైనుంచి చేతులతో ఒత్తితే ఆగిన గుండె నుంచి రక్తం పారుతుందని, దానికి ఏ యంత్రం అక్కరలేదు, రెండు చేతులుంటే చాలని చెప్పారు. మరి జనానికి నేర్పేదెట్ల? బతికున్న మనిషి ఛాతీ మీద అట్ల ఒత్తరాదు. నార్వే దేశంలో ఆటబొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ అనే ఆయన ముందుకొచ్చారు. నీళ్లలో మునిగిన సొంత కొడుకును తన చేతులతో బతికించుకున్న తండ్రి ఆయన. 1960లోనే మనిషంత బొమ్మను తయారుచేశారు. దానికి ఆనీ అని పేరు. ఆ బొమ్మ ముఖం ఎవరిదో తెలుసా? అంతకు చాలా ఏళ్ల ముందు ప్యారిస్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే, ఊరూ పేరూ తెలియని ఒక ఆడపిల్ల ముఖం అచ్చు. ఎవరూ కాపాడలేకపోయిన పిల్ల ముఖం ముందు కూర్చొని ప్రపంచమంతా కాపాడుడు నేర్చుకున్నది. శిక్షణలో మేడం ఇది చెప్పినప్పుడు మాలో మాట్లాడినవాళ్లు లేరు.

ఇంకొక నర్సు సంగతి. 1963 ప్రాంతం దాకా గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో కూడా నూటికి దాదాపు 30 మంది చనిపోయేవారు. గుండె తాళం తప్పుతున్నదని నర్సు చూసి, డాక్టర్ను పిలిచి, డాక్టర్ వచ్చేసరికి అయిపోయేది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ లారెన్స్ మెల్ట్జర్, నర్సు రోజ్ పినియో కలిసి గుండె రోగులకు వేరే వార్డు నడిపారు. మంచం పక్కన రాత్రింబగళ్లు ఉండేది నర్సే కాబట్టి, ఈసీజీ గీతలు చదువుడు, అవసరమైతే కరెంటు షాక్ ఇచ్చుడు నర్సులకే నేర్పారు. నర్సుల కోసమే 1965లో పుస్తకం రాశారు. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. నర్సుకెందుకు ఇంత చదువు అన్నవాళ్లు ఉన్నారు. పక్కన ఉన్న మనిషికి పని నేర్పితేనే ప్రాణం నిలబడుతదని ఆ వార్డులు చూపించాయి. పల్లెలో పక్కన ఉండే మనిషి ఎవరు? మనమే.

నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇప్పుడు చెప్తాను. శిక్షణ అయిపోయింది, సర్టిఫికెట్ ఇచ్చిండ్రు, ఫోటో దిగినం. మూడు నెలలకు ఏం గుర్తుంటది? నర్సింగ్ టీచర్లు ఇది కూడా లెక్క తీశారు. సీపీఆర్ నేర్చుకున్నవాళ్ల చేతిలో ఆ నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే తగ్గిపోతుంది. నర్సులకు కూడా తగ్గుతుంది. అమెరికాలో మార్లిన్ ఓర్మన్ అనే నర్సింగ్ ప్రొఫెసర్, ఆమెతోటి వాళ్లు 10 నర్సింగ్ కాలేజీల్లో 600 మందికి పైగా విద్యార్థులతో ఒక పరిశోధన చేసి 2011లో అచ్చువేశారు. అందరికీ ఒకేలాగా సీపీఆర్ నేర్పారు. తర్వాత కొందరికి నెలకు 6 నిమిషాలు మాత్రమే బొమ్మ మీద సాధన పెట్టారు. మిగతావాళ్లకు ఏమీ పెట్టలేదు. ఏడాదిపాటు చూశారు. నెలకు 6 నిమిషాలు చేసినవాళ్ల చేతి ఒత్తుడు లోతు ఏడాది దాకా నిలబడింది. చేయనివాళ్లది తగ్గిపోయింది.

అక్కా, నెలకు 6 నిమిషాలు! ఇది ఎవరికి సరిపోతది? నెలనెలా తప్పకుండా కలిసేటోళ్లకు సరిపోతది. ఉద్యోగస్తులు నెలనెలా ఒకచోట కూర్చోలేరు. మనం కూర్చుంటాం. మన పంచసూత్రాలలో మొదటిదే క్రమం తప్పని సమావేశం. ఆ ప్రొఫెసర్ మనను ఎన్నడూ చూడలేదు. కానీ ఆమె కనిపెట్టిన పద్ధతికి మన సంఘమే సరైన బడి.

పరిశోధన అంటే మనకు రానిది అనుకోవద్దు. పరిశోధన అంటే ఏమిటి? ఒక పని పెట్టుకొని, క్రమంగా చేసి, ఉన్నది ఉన్నట్టు రాసి, మునుపటితో పోల్చి చూసుడు. మన పొదుపు పుస్తకం అదే కదా. పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత, ఎవరు కట్టలే, ఎందుకు కట్టలే. బ్యాంకు మనను నమ్మింది మన ముఖం చూసి కాదు, మన పుస్తకం చూసి. బీపీ కూడా అట్లనే. ఒక్కసారి చూస్తే తెల్వదు. నెలనెలా రాస్తే తెలుస్తది. 140కి 90 దాటి రెండు మూడుసార్లు వచ్చిందంటే ఉపకేంద్రానికి పంపాలె. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసి గోళీలు ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. గోళీలు తెచ్చుకొని నాలుగు రోజులకు మంచిగనే ఉన్నదని మానేసేటోళ్లే మనలో ఎక్కువ. మంచిగ ఉన్నది గోళీ వేసుకుంటున్నందుకే. అప్పు కిస్తీ ఒక నెల తప్పితే మనం ఇంటికి పోయి అడుగుతాం. గోళీ ఒక నెల తప్పితే ఎవరం అడుగుతలేము.

నేను ఈ మాటలు మా సంఘంలో చెప్పినప్పుడు అడ్డం మాట్లాడినవాళ్లు ఉన్నరు. వాళ్ల మాటలు కూడా మీకు చెప్తాను. రేపు మీ ఊళ్లో కూడా ఇవే అంటరు.

మొదటి మాట, ఇది ఆశ అక్క పని, ఏఎన్ఎం పని, మనకెందుకు అని. నిజమే. మందు ఇచ్చుడు వాళ్ల పని. కానీ ఒక్క ఆశ అక్క ఎన్ని ఇండ్లు తిరుగుతది? మనిషి కూలిన నిమిషంలో ఆమె మన ఇంట్లో ఉండదు.

రెండో మాట, పరాయి మగాయన ఛాతీ మీద చెయ్యెట్ల వేస్తం, ఊరు ఏమనుకుంటది అని. దీనికి మా సంఘంలో ఒక పెద్దమ్మ జవాబు చెప్పింది. కాన్పులప్పుడు ఎవరి సిగ్గు ఎవరు చూసిండ్రే, ప్రాణం పోయేకాడ సిగ్గేంది అన్నది. నేను అంతకంటే బాగా చెప్పలేను.

మూడో మాట బరువైంది. ఒత్తినంక మనిషి పోతే నింద మన మీద పడుతది అని. ఇది ఉత్త భయం కాదు. అట్ల నిందపడ్డ ఆడమనిషి నాకు తెలుసు. బతికించాలని చెయ్యి వేసింది. మనిషి దక్కలేదు. ఆమె ఒత్తబట్టే పోయిండని ఆ ఇంటోళ్లు అన్నరు. ఆమె నెలరోజులు సంఘానికి రాలేదు. ఆమె పేరు చెప్పను. ఆమె కోసమే ఈ మాట చెప్తున్నాను. శ్వాస లేక, పలకకుండా పడి ఉన్న మనిషి గుండె అప్పటికే ఆగింది. ఆగినదాన్ని మనం ఆపలేం. ఒక్కోసారి పక్కటెముక విరుగుతది, అది మానుతది. ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో సీపీఆర్ చేసినా ఎక్కువమంది బతకరు. ఇది కూడా దాచకుండా చెప్పాలె. మేడం మాకు దాచలేదు. కానీ ఏమీ చేయకపోతే ఆ కొద్దిమంది కూడా దక్కరు. అందుకని సీపీఆర్ నేర్చుకునేది ఒక్కరు కావద్దు, సంఘమంతా నేర్చుకోవాలె. అందరం నేర్చుకుంటే నింద ఒక్కరి మీద పడదు. ఊరందరికీ తెలిసిన పనికి నింద ఉండదు. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాళ్లను వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలోనే రక్షణ పెట్టారు. చట్టం ఒక దిక్కు ఉంటది, ఊరి మాట ఒక దిక్కు ఉంటది. ఊరి మాటను మార్చేది మనమే.

చేసే విధానం క్లుప్తంగా చెప్తాను. ఇది వింటే వచ్చేది కాదు, చేస్తే వచ్చేది. అయినా పుస్తకంలో అచ్చయితే పది మంది చదువుతరు. ముందు మనకు ప్రమాదం లేదని చూసుకోవాలె, కరెంటు తీగ ఉంటే ముట్టొద్దు. భుజాలు తట్టి గట్టిగ పిలవాలె. పలకకపోతే, శ్వాస సరిగ లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాలె. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలె. నులక మంచం మీద ఒత్తితే మంచమే దిగుతది, గుండె ఒత్తుకోదు. ఛాతీ నడుమ, రొమ్ము బొక్క కింది సగం మీద అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేయాలె. మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, అంటే రెండు ఇంచులకు పైన, ఒత్తాలె. ఒత్తిన ప్రతిసారీ ఛాతీ మళ్లీ పైకి లేవనియ్యాలె. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకు రెండు కంటే కొంచెం తక్కువ. రెండు నిమిషాలకు ఒకరు మారాలె. అందుకే ఒక్కరికి తెలిస్తే చాలదు. బండి వచ్చేదాకా, లేదా మనిషి కదిలేదాకా ఆపొద్దు. నీళ్లల్ల మునిగినవాళ్లకు, చిన్న పిల్లలకు నోటి శ్వాస కూడా కావాలె, అది శిక్షణలో చూసి నేర్చుకోవాలె.

ఒక మాట మన ఆడపిల్లల చదువు గురించి. నర్సు అంటే సూది వేసే పని అని, రాత్రి డ్యూటీ అని, సంబంధాలు రావని వెనక్కి గుంజుతున్నాం. భారత నర్సింగ్ మండలి 2021-22 నుంచి తెచ్చిన కొత్త బీఎస్సీ పాఠ్యక్రమంలో సిమ్యులేషన్ కూడా ఉంది. రోగి దగ్గరికి పోకముందే బొమ్మ మీద చెయ్యి తిరుగుతుంది. ఆ తర్వాత ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ కావచ్చు. మన జిల్లాలోనే బాన్సువాడలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది. బీడీ చాట ముందు కూర్చున్న తల్లి బిడ్డ రేపు గుండె వార్డులో పిల్లలకు పాఠం చెప్పే ప్రొఫెసర్ ఎందుకు కారాదు? పెండ్లికి అప్పు అడిగితే సంఘంలో ఎవరం ఎందుకని అడగం. నర్సింగ్ ఫీజుకు అప్పు అడిగితే, ఆడపిల్లకు అంత అవసరమా అని అడుగుతాం. ఈ సంవత్సరం నుంచి ఆ ప్రశ్న మానేద్దాం.

డబ్బు సంగతి కూడా చెప్పాలె. ఇది సమాఖ్య, లెక్క లేకుండా మాట్లాడొద్దు. ఒక ఇంట్లో గుండెపోటు వస్తే ఏమైతదో మన అప్పుల పుస్తకాలు చెప్తయి. ముందు పుస్తెలతాడు కుదువకు పోతది. తర్వాత మిత్తికి తెస్తరు. తర్వాత సంఘం కిస్తీ ఆగుతది. చివరికి ఎకరమో అరెకరమో అమ్ముతరు. మనిషి దక్కినా ఇల్లు పదేండ్లు వెనక్కి పోతది. మనిషి దక్కకపోతే అప్పు ఆమె పేరు మీద ఉంటది. ఇరవై ఏండ్ల పొదుపు ఒక్క రాత్రిలో కరిగిపోతది. బీపీ మిషన్ కొనుడు ఖర్చు అని అనుకోవద్దు, అది మన పొదుపుకు పెట్టుకునే తాళం.

కాబట్టి ఈ మహాజన సభ ముందు నేను పెడుతున్న తీర్మానం ఇది.

ఒకటి, ప్రతి గ్రామ సమాఖ్య చేతికి కట్టే డిజిటల్ బీపీ మిషన్ ఒకటి కొనాలె. 

రెండు, ప్రతి సంఘం పుస్తకంలో పొదుపు గడి పక్కన బీపీ గడి పెట్టాలె. నెలకొకసారి సభ్యురాలిది, వీలైతే ఇంటాయనది కూడా రాయాలె. ఎవరి బీపీ ఎంత అని బజారులో మాట్లాడొద్దు. అప్పు గుట్టు ఎట్ల కాపాడుతామో ఇది కూడా అట్లనే.

మూడు, ప్రతి మండల సమాఖ్య సీపీఆర్ నేర్పే బొమ్మ ఒకటి తెప్పించి, ఊరూరా తిప్పాలె. నర్సింగ్ కాలేజీ టీచర్లను, ఆసుపత్రి సిస్టర్లను పిలిచి మొదటి శిక్షణ ఇప్పించాలె.

నాలుగు, శిక్షణ అయినంక ప్రతి నెల సమావేశంలో 6 నిమిషాలు సాధన చేయాలె. బొమ్మ ఆ నెల మన ఊళ్లో లేకపోతే గట్టిగ చుట్టిన బొంత మీదనైనా చేతుల తీరు, లెక్క మరవకుండా చేయాలె. ఎవరు చేసిండ్రో మినిట్స్ పుస్తకంలో రాయాలె.

ఐదు, గోళీలు మానేసినవాళ్ల ఇంటికి, కిస్తీ తప్పినవాళ్ల ఇంటికి పోయినట్టే పోవాలె. కోపంతో కాదు, చెల్లె లెక్క.

ఇవి అన్నీ ఒక్క నెలలో కావు. పొదుపు కూడా ఒక్క నెలలో కాలేదు. వారానికి రూపాయి, రెండు రూపాయలు వేసుకున్న రోజుల్లో మన మొగోళ్లు నవ్విండ్రు. ఇవాళ ఆ పుస్తకం చూసి బ్యాంకోళ్లు కుర్చీ వేస్తున్నరు. ఈ పనికి కూడా మొదట నవ్వుతరు, నవ్వనియ్యండి.

 తీర్మానానికి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్లు లేచి మాట్లాడండి, మైకు ఇక్కడే ఉంది. సెలవు.